వింటే... సగం బరువు దిగినట్టే!

కష్టంలో ఉన్న మనిషి ఎదురైతే మనం వెంటనే ఇచ్చేవి రెండు... ఒకటి సలహా, రెండోది ఓదార్పు. వాళ్లకు ముందుగా కావలసింది మాత్రం ఆ రెండూ కాదు. తమ మాట చివరిదాకా వినే మనిషి! ఆ వినడం పుట్టుకతో వచ్చే గుణం కాదనీ ఎవరైనా నేర్చుకోవచ్చనీ లండన్‌లోని ఓ చర్చి నుంచి ఆఫ్రికా బామ్మల దాకా ఎందరో చేసి చూపించారు.

ఆఫీసు నుంచి వస్తూనే కుర్చీలో కూలబడింది ఆమె. ‘ఇవాళ మేనేజరు అందరి ముందూ నా మీద అరిచేశాడండీ’ అంది. ‘ఆ ఫైలేదో నిన్ననే పంపించేస్తే సరిపోయేదిగా. అయినా అలాంటివాళ్ల మాటలు పట్టించుకుంటారా?’ అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

‘నాన్నా, లెక్కల్లో మార్కులు తగ్గాయి...’ నసిగాడు పదో తరగతి కొడుకు. ‘పొద్దస్తమానం ఫోను పట్టుకుని కూర్చుంటే తగ్గక పెరుగుతాయా?’ అన్నాడు తండ్రి. ఆ తర్వాతి పరీక్షలో ఆ పిల్లాడికి ఎన్ని మార్కులొచ్చాయో ఇంట్లో ఎవరికీ తెలీదు.

‘రాత్రంతా మోకాళ్లు పీకేశాయమ్మాయ్, కంటిమీద కునుకు లేదు’ అంది అత్తగారు. ‘ఈ వయసులో అవి మామూలే కదత్తయ్యా’ అంది కోడలు. మర్నాడు ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగానే ఉంది’ అన్న జవాబే వచ్చింది.

ఈ మూడిళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. భర్త ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. తండ్రి దారిలో పెడుతున్నాననుకున్నాడు. కోడలు కంగారుపడొద్దని చెబుతున్నాననుకుంది. కానీ మూడుచోట్లా చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఆగిపోయింది. ఇంటిల్లిపాదీ ఒకే కప్పు కింద ఉంటూ కూడా ఎవరి బాధ వాళ్లే మోసుకునే పరిస్థితి ఇలాగే మొదలవుతుంది.

‘ఇంకా నయం’ అంటే...

బండి మీంచి పడి చెయ్యి విరిగినవాణ్ని చూడ్డానికి వెళ్తాం. ‘ఇంకా నయం, తలకి తగల్లేదు’ అంటాం. ఉద్యోగం పోయినవాడితో ‘ఇంకా నయం, మీ ఆవిడకి ఉద్యోగం ఉంది’ అంటాం. వానకి పత్తి నల్లబడిపోయిన రైతుతో ‘ఇంకా నయం, అప్పు తక్కువే చేశావు’ అంటాం. గర్భం పోయిన ఆడపిల్లతో కూడా ‘ఇంకా నయం, మొదటి నెలల్లోనే పోయింది’ అనగలం!

అన్నీ మంచి ఉద్దేశంతో అనేవే. కానీ వినేవారికి ఆ మాట ‘నీ బాధ నువ్వనుకుంటున్నంత పెద్దదేం కాదు’ అన్నట్టు వినిపిస్తుంది. ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. ‘ఊరుకో, ఏడవకు’ అనడం. ‘మా తోడికోడలికైతే ఇంతకన్నా ఘోరం జరిగింది’ అని పోల్చడం. ‘నేను ముందే చెప్పాను’ అని తీర్పు చెప్పడం. ‘అన్నీ అవే సర్దుకుంటాయిలే’ అని దాటేయడం. 

ఎందుకిలా అంటాం? ఎదుటివారి కన్నీళ్లు చూస్తూ కూర్చోవడం కష్టం. ఏదో ఒకటి చెప్పి ఆ క్షణాన్ని గడిపేస్తే మన మనసు కుదుటపడుతుంది. అంటే, ఆ ఓదార్పు చాలాసార్లు వాళ్లకోసం కాదు, మనకోసం!

‘అయ్యో పాపం’ అనుకోవడం జాలి. అదేం తప్పు కాదు. కానీ అందులో బాధపడేవారు ఒకవైపు, చూసేవారు మరోవైపు ఉంటారు. ‘నీకెలా ఉందో చెప్పు’ అని పక్కన కూర్చోవడం సహానుభూతి. ఇంగ్లిషులో దీన్నే ‘ఎంపథీ’ అంటారు. ఆ భాషలోకి ఈ మాట వచ్చి ఎంతోకాలం కాలేదు. ఎడ్వర్డ్ టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1909లో ఓ జర్మన్ పదానికి అనువాదంగా దాన్ని తయారుచేశాడు. ఓ బొమ్మనో శిల్పాన్నో చూస్తూ అందులో లీనమైపోవడాన్ని చెప్పడానికి జర్మన్లు ఆ మాట వాడేవారు. తర్వాత అది మనుషులకు వర్తించింది. పేరు కొత్తదే కానీ పని పాతదే. మన ఊళ్లలో సాయంత్రంపూట అరుగుల మీద జరిగింది చాలావరకూ అదే.

టీ కప్పు చేసిన వైద్యం

1935లో ఇంగ్లండ్‌లో చాద్ వారా అనే యువ మతాధికారి ఓ అంత్యక్రియలు జరిపించాడు. చనిపోయింది 14 ఏళ్ల అమ్మాయి. రజస్వల అయితే, అదేదో పెద్ద జబ్బనుకుని భయపడిపోయి ప్రాణం తీసుకుంది. అది జబ్బు కాదని చెప్పడానికి, కనీసం అడగడానికి ఆ పిల్లకి ఒక్క మనిషి లేకపోయారు. ఆ సంగతి చాద్ మనసులో ఉండిపోయింది.

18 ఏళ్ల తర్వాత, 1953 నవంబరులో లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఆయన ఒక టెలిఫోన్ పెట్టాడు. చనిపోవాలనిపిస్తే ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండని ప్రకటించాడు. ఫోన్లు వచ్చాయి. మనుషులు నేరుగా కూడా వచ్చారు. అందరితో ఆయనే మాట్లాడేవాడు కాబట్టి మిగతావాళ్లు బయట వేచి ఉండాల్సి వచ్చేది. వాళ్లకి టీ ఇచ్చి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి కొందరు వలంటీర్లు ముందుకొచ్చారు. 

అక్కడే ఎవరూ ఊహించని విచిత్రం జరిగింది. లోపలికి రావాల్సినవాళ్లలో చాలామంది ‘ఇక ఫర్వాలేదు’ అని బయట నుంచే వెళ్లిపోవడం మొదలుపెట్టారు. చదువుకున్న మతాధికారి చెప్పే సలహాకన్నా, టీ కప్పు చేతికిచ్చి ‘ఊఁ... తర్వాత?’ అంటూ వినే మామూలు మనిషి ఎక్కువ ఉపయోగపడుతున్నాడని చాద్‌కి అర్థమైంది. 1954 ఫిబ్రవరిలో ఆ పనంతా వలంటీర్లకే అప్పగించేశాడు. అదే ‘సమారిటన్స్’ సంస్థ. సలహాలివ్వకూడదు, తప్పుపట్టకూడదు, విన్నది బయట చెప్పకూడదు... అదీ వాళ్ల పద్ధతి. 

ఆ బాటలోనే చాలా దేశాల్లో ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. చెన్నైలో మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ 1986లో ‘స్నేహ’ను మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ‘రోష్ని’ వలంటీర్లు అదే పని చేస్తున్నారు. ఫోన్‌కి అటువైపు ఉండేది డాక్టర్లు కాదు... శిక్షణ పొందిన గృహిణులు, ఉద్యోగులు, రిటైరైనవాళ్లు.

బెంచీ మీద బామ్మ

జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాందా మానసిక వైద్యుడు. ఆయన దగ్గర చికిత్స తీసుకుంటున్న ఓ యువతి 2005లో ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదని తల్లిని అడిగితే ‘బస్సు ఛార్జీలకి 15 డాలర్లు లేవు’ అంది. దేశం మొత్తం మీద మానసిక వైద్యుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. జనం ఆసుపత్రి దాకా రాలేకపోతే ఆసుపత్రే జనం దగ్గరికి వెళ్లాలనుకున్నాడాయన. కానీ వెళ్లడానికి ఎవరున్నారు? డాక్టర్లు లేరు, నర్సులకు తీరిక లేదు. మిగిలింది... బామ్మలు!

2006లో ఎంబారే అనే పేదల పేటలో 14 మంది బామ్మలతో పని మొదలైంది. వాళ్లంతా ఆ పేటలోనే ఆరోగ్య కార్యకర్తలుగా తిరుగుతున్నవారు. వాళ్లకు డాక్టరు శిక్షణ ఇచ్చాడు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టు కింద ఓ చెక్క బెంచీ వేయించాడు. ఆయన మొదట దానికి ‘మానసిక ఆరోగ్య బెంచీ’ అని పేరు పెడితే ‘ఆ పేరు పెడితే దానిమీద ఎవరూ కూర్చోరు నాయనా’ అని బామ్మలే చెప్పారు. దాంతో అది ‘స్నేహ బెంచీ’ అయింది. అక్కడి షోనా భాషలో డిప్రెషన్‌ని జనం ‘కుఫుంగిసిస’ అంటారు. అతిగా ఆలోచించడం అని దానర్థం. బామ్మలు ఆ మాటే వాడారు. అర్థం కాని వైద్య పదాలు వాడితే మనిషి దూరమవుతాడని వాళ్లకు తెలుసు.

బెంచీ మీద జరిగేదేమిటి? మొదట వచ్చినవాళ్లు చెప్పిందంతా బామ్మ వింటుంది. ‘మనసు తెరవడం’ అంటారు దాన్ని. ఉన్న కష్టాల్లో ముందు దేని సంగతి చూడాలో వచ్చినవాళ్లే ఎంచుకుంటారు. దానికి ఏం చేయొచ్చో కూడా వాళ్లచేతే చెప్పిస్తుంది. ‘నువ్విలా చెయ్యి’ అని మాత్రం బామ్మ అనదు. 

ఇదేదో కాలక్షేపం కబుర్లు అనుకుంటే పొరపాటే. హరారేలోని 24 ఆరోగ్య కేంద్రాల్లో 573 మంది మీద జరిపిన అధ్యయనం ఫలితాలు 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు చికిత్స అందినవారిలో దాదాపు సగంమందికి డిప్రెషన్ లక్షణాలు అలాగే ఉన్నాయి. బామ్మల దగ్గర కూర్చున్నవారిలో అవి 14 శాతం మందిలోనే మిగిలాయి. ఆ బెంచీలు తర్వాత మలావీకీ జాంజిబార్‌కీ న్యూయార్క్‌కీ వెళ్లాయి. 

మన దగ్గర అరుగులు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. కింద సెల్లారులో, పైన టెర్రస్ మీద బెంచీలు మాత్రం ఉన్నాయి. వాటిమీద ఒంటరిగా కూర్చునే పెద్దవాళ్లూ ఉన్నారు. వినేవాళ్లు కావాలి, వినిపించుకోవాలనుకునేవాళ్లు కావాలి... రెండు రకాలవాళ్లూ ఒకే ఆవరణలో ఉన్నారు. కలవడమే తక్కువ.

18 సెకన్లు!

‘డాక్టరు నా మాట పూర్తిగా విననేలేదు’ అనేది రోగులు తరచూ చేసే ఫిర్యాదు. ఇద్దరు అమెరికన్ వైద్య పరిశోధకులు బెక్‌మన్, ఫ్రాంకెల్ ఆ సంగతేమిటో తేల్చాలని 74 మంది రోగులు డాక్టర్లతో మాట్లాడిన తీరును రికార్డు చేశారు. 1984లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డాడు. నలుగురిలో ఒక్కరు కూడా చెప్పాల్సింది పూర్తిగా చెప్పలేకపోయారు. అడ్డుపడకపోతే గంటలకొద్దీ చెబుతారన్న భయమూ అక్కర్లేదని తేలింది. వదిలేస్తే ఎవరూ రెండున్నర నిమిషాలకు మించి మాట్లాడలేదు!

ఆ లోటు మనవాళ్లూ గుర్తించారు. 2019 నుంచి దేశంలోని ఎంబీబీఎస్ విద్యార్థులకు రోగితో ఎలా మాట్లాడాలి, చెడు కబురు ఎలా చెప్పాలి, ఎలా వినాలి అన్నవి కూడా పాఠాల్లో చేరాయి. డాక్టర్ల సంగతి సరే. ఇంట్లో మనం ఎన్ని సెకన్లు ఆగుతున్నాం? ఓ రోజు గడియారం చూసుకుంటే మనకే తెలుస్తుంది.

చెప్పేటప్పుడు నాలుగు మెట్లు

వినడం సగం పని. మన మాట ఎదుటివారికి గుచ్చుకోకుండా చెప్పడం మిగతా సగం. దీనికో తేలిక పద్ధతి చెప్పినవాడు అమెరికాకు చెందిన మార్షల్ రోజెన్‌బర్గ్. 1943లో డెట్రాయిట్ నగరంలో జాతుల మధ్య గొడవలు చెలరేగి 30 మందికి పైగా చనిపోయినప్పుడు ఆయనకి ఎనిమిదేళ్లు. ఇంట్లోవాళ్లంతా తలుపులు వేసుకుని కూర్చున్నారు. తర్వాత బడికి వెళ్తే, యూదుల ఇంటిపేరు ఉందని తోటిపిల్లలు కొట్టారు. అదే ఊళ్లో, మంచాన పడిన అమ్మమ్మకి సేవ చేయడానికి రోజూ నవ్వుతూ వచ్చే మేనమామనీ చూశాడు. ఒకే పరిస్థితిలో కొందరు కర్కశంగా, కొందరు దయగా ఎలా ఉండగలరన్న ప్రశ్న ఆయన్ని మనస్తత్వశాస్త్రం వైపు నడిపించింది. మనం వాడే భాషలోనే కొంత జవాబు ఉందని తేల్చుకున్నాడు. ఆ పద్ధతికి గాంధీజీ అహింసను గుర్తుచేసేలా ‘నాన్ వయలెంట్ కమ్యూనికేషన్’ అని పేరు పెట్టాడు. 1984లో దానికో సంస్థ నెలకొల్పి, 2015లో చనిపోయేదాకా దేశదేశాల్లో పాఠాలు చెప్పాడు.

అందులో ఉన్నవి నాలుగే మెట్లు. మచ్చుకి, కాలేజీ నుంచి కొడుకు ఆలస్యంగా వస్తున్నాడనుకుందాం. మామూలుగా వచ్చే మాట- ‘నీకసలు ఇంటి మీద ధ్యాసే లేదు. ఎప్పుడూ తిరుగుళ్లే!’ ఆ మాట విన్న కుర్రాడు వెంటనే ‘ఎప్పుడూ ఎక్కడ తిరిగాను?’ అని వాదనకు దిగుతాడు. అసలు విషయం పక్కకిపోతుంది.

మొదటి మెట్టు: చూసింది చూసినట్టు చెప్పడం. ‘ఈ వారంలో మూడు రోజులు తొమ్మిది దాటాక వచ్చావు.’ ఇందులో నింద లేదు, లెక్క మాత్రమే ఉంది. ‘ఎప్పుడూ’, ‘ఏనాడూ’, ‘ఒక్కసారైనా’ అనే మాటలు చేరితే అది తీర్పవుతుంది.

రెండోది: మనకేమనిపిస్తోందో చెప్పడం. ‘నాకు కంగారుగా ఉంటోంది.’ ‘నువ్వు నన్ను లెక్కచేయట్లేదనిపిస్తోంది’ అంటే అది మన భావం కాదు, వాడిమీద నేరం మోపడమే.

మూడోది: మనకేం కావాలో చెప్పడం. ‘నువ్వు క్షేమంగా ఉన్నావని తెలిస్తే చాలు నాకు.’

నాలుగోది: చేయగలిగిన పనిని అడగడం. ‘ఆలస్యమయ్యేలా ఉంటే ఎనిమిదింటికల్లా ఓ ఫోన్ చేస్తావా?’ ‘బాధ్యతగా ఉండు’ అంటే ఏం చేయాలో వాడికి తెలీదు. ఫోన్ చేయమంటే తెలుస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. వాడు ‘కుదరదు’ అంటే మనకి కోపం వచ్చిందనుకోండి... మనం అడిగింది విన్నపం కాదు, ఆజ్ఞ!

ఇదే పద్ధతిని వినడానికీ వాడుకోవచ్చు. పనమ్మాయి రెండు రోజులు రాలేదు. ‘మళ్లీ నాగా పెట్టావా?’ అనేది మామూలు పలకరింపు. ‘రెండు రోజులు రాలేదు, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?’ అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. జీతం కోయాలా వద్దా అన్నది ఆ తర్వాత సంగతి. పై ఫ్లాట్ నుంచి నీళ్లు కారుతున్నా, మన గేటు ముందు ఎవరో బండి పెట్టినా ఇదే సూత్రం. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ‘కొందరికి బుద్ధి లేదు’ అని పెడితే గొడవ 40 ఇళ్లకీ పాకుతుంది. పైకెళ్లి తలుపు తట్టి ‘మా హాల్లోకి నీళ్లు దిగుతున్నాయి, ఒకసారి వచ్చి చూస్తారా?’ అంటే అక్కడికక్కడే తేలిపోతుంది.

పరామర్శ... పరీక్ష కాకూడదు

పరామర్శకి వెళ్లడం మనకున్న మంచి అలవాట్లలో ఒకటి. మనిషి పోయిన ఇంటికి పిలవకుండానే వెళ్తాం. పొయ్యి వెలగని ఇంటికి ఇరుగుపొరుగే అన్నం పంపుతారు. కానీ లోపలికి వెళ్లి కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న- ‘ఎలా జరిగింది?’ వచ్చిన ప్రతివాళ్లూ అదే అడుగుతారు. ఆ ఇంటి మనిషి ఆ చివరి గంటల్ని రోజుకి 20 సార్లు చెప్పుకోవాల్సి వస్తుంది. తర్వాత విచారణ మొదలవుతుంది. ‘ఆ ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లారు? ఇంకాస్త ముందే చూపించాల్సింది కదా?’ ఆ మాట వాళ్లని జీవితాంతం వెంటాడుతుందని అన్నవారికి తెలీదు.

వాళ్లు చెప్పాలనుకుంటే చెబుతారు. లేదంటే పక్కన కూర్చుంటే చాలు. పోయినవారి పేరెత్తితే బాధపడతారేమోనని చాలామంది ఆ ఊసే ఎత్తరు. నిజానికి ‘మీ నాన్నగారు మా పెళ్లిలో వడ్డన దగ్గర ఎంత హడావుడి చేశారో’ లాంటి ఒక్క జ్ఞాపకం వాళ్లకి ఎంతో ఊరట. ‘ఏదైనా అవసరమైతే చెప్పండి’ అన్న మాట కూడా అంతే. ఎవరూ చెప్పరు. ‘రేపు పిల్లల్ని బడికి నేను తీసుకెళ్తాను’ అంటే ఆ పని జరుగుతుంది. ఇక, పదకొండో రోజు దాటాక ఆ ఇంటి తలుపు తట్టేవాళ్లుండరు. అసలైన ఒంటరితనం అప్పుడే మొదలవుతుంది. నెల తర్వాత చేసే ఫోన్‌కాల్ విలువ అందుకే ఎక్కువ.

కేరళవాళ్లు ఈ పలకరింపునే ఓ ఏర్పాటుగా మార్చుకున్నారు. నయంకాని జబ్బులతో మంచాన పడినవారి నొప్పి తగ్గించడానికి డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్‌కుమార్ 1993లో కోళిక్కోడ్‌లో ఓ సొసైటీ పెట్టారు. మందులు నొప్పిని తగ్గించినా రోగి దిగులూ ఇంట్లోవాళ్ల అలసటా తగ్గడం లేదు. దాంతో ఇరుగుపొరుగువారికే శిక్షణ ఇవ్వడం మొదలైంది. 2001 నుంచి ఊరూరా అలాంటి వలంటీర్లు తయారయ్యారు. కూలీలు, టీచర్లు, దుకాణదారులు... వారానికి కొన్ని గంటలు రోగి ఇంటికి వెళ్లి కూర్చుంటారు. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని తన విధానంలోనే చేర్చింది. 

పిల్లల మాట వినే వేళ

ఫలితాలొచ్చే రోజుల్లో వినడం ప్రాణాలతో ముడిపడిన విషయం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్దిరోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవారి పేపర్లను తర్వాత మళ్లీ చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు! మార్కుల జాబితా తప్పు కావచ్చు, సరిదిద్దొచ్చు. పోయిన పిల్లల్ని తీసుకురాలేం.

ఒక చావుకి ఒకే కారణం ఉండదు. తల్లిదండ్రుల్ని నిందించడమూ న్యాయం కాదు. కానీ ‘ఈ సంగతి ఇంట్లో చెప్పొచ్చు’ అన్న నమ్మకం పిల్లలకు ఫలితాల రోజున పుట్టదు. చిన్నప్పుడు పెన్సిలు పోగొట్టుకున్నానని చెప్పిన రోజున, స్నేహితుడు మాట్లాడటం లేదని ఏడ్చిన రోజున మనం ఎలా విన్నామన్నదే వాళ్లకు గుర్తుంటుంది. చిన్న సంగతులు విననివాళ్లకి పెద్ద సంగతులు ఎవరూ చెప్పరు.

‘బతకాలని లేదు’ అన్న మాట పిల్లలే కాదు, ఎవరి నోట వచ్చినా కొట్టిపారేయకూడదు. ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అది అపోహేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అడిగితే మనసులోది చెప్పుకునే వీలు దొరుకుతుంది. విని, వాళ్లను ఒంటరిగా వదలకుండా, డాక్టరు దాకా తీసుకెళ్లాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఏ వేళలో అయినా ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పెద్దవాళ్ల కోసం 14567 ఉంది. 2017లో హైదరాబాద్‌లో మొదలైన ఈ ‘ఎల్డర్ లైన్’ తర్వాత దేశమంతటికీ విస్తరించింది. పిల్లలకి సంబంధించి 1098.

అన్నిటికీ మందు కాదు

వినడం గొప్పదే కానీ దానికీ హద్దులున్నాయి. రోజూ దెబ్బలు తినే ఇల్లాలికి ‘ఆయన మనసు అర్థం చేసుకో’ అని చెప్పడం అన్యాయం. అక్కడ కావలసింది రక్షణ. అందుకు 181 ఉంది. అప్పుల్లో మునిగిన రైతుకి వినే మనిషితోపాటు గిట్టుబాటు ధరా కావాలి. జీతాలు ఇవ్వని యజమాని, ఉద్యోగుల గోడు ఎంత ఓపికగా విన్నా లాభం లేదు. దయగా మాట్లాడటం న్యాయానికి తోడు కావాలి కానీ బదులు కాకూడదు.

నాలుగు మెట్లనూ బట్టీపట్టి అప్పజెబితే కూడా ఎబ్బెట్టుగానే ఉంటుంది. మాట ముఖ్యం కాదు, వెనకున్న ఉద్దేశం ముఖ్యం. అలాగే వినేవారికీ అలసట ఉంటుంది. సమారిటన్స్ వలంటీర్లు డ్యూటీ అయ్యాక, ఆరోజు విన్నవాటి గురించి తోటివారితో మాట్లాడి మనసు తేలిక చేసుకునే ఇంటికెళ్తారు. అందరి గోడూ ఒక్కరే వింటుంటే వాళ్ల గోడు వినేదెవరు? సాధారణంగా ఇంట్లో ఆ ఒక్కరూ అమ్మే. ‘నీకెలా ఉందమ్మా?’ అని ఆమెని ఎవరైనా అడుగుతున్నారా అన్నది చూసుకోవాలి. తీరిక లేనప్పుడు విన్నట్టు నటించడం కన్నా ‘ఇప్పుడు తల తిరిగిపోతోంది, రాత్రి భోజనాలయ్యాక చెప్పు, తప్పకుండా వింటా’ అనడమే నయం. ఆ రాత్రి మాత్రం మాట తప్పకూడదు.

అలా కాదు... ఇలా!

* ‘ఏడవకు, ఊరుకో’ అనే బదులు- ‘ఏడుపొస్తే ఏడువు, నేనిక్కడే ఉంటా.’

* ‘ఇంకా నయం...’ అనే బదులు- ‘చాలా కష్టంగా ఉండి ఉంటుంది.’

* ‘నేనైతే ఏం చేసేవాణ్నంటే...’ అనే బదులు- ‘నన్ను వినమంటావా, సలహా చెప్పమంటావా?’

* ‘ఎందుకిలా చేశావ్?’ అనే బదులు- ‘ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు.’

* ‘నువ్వెప్పుడూ ఇంతే’ అనే బదులు- ‘ఇవాళ జరిగినదానికి నాకు బాధేసింది.’

* ఏమనాలో తోచకపోతే- ‘ఏమనాలో తెలీడం లేదు. చెప్పావు, మంచిపని చేశావు.’

* ఫోను బోర్లించి పక్కన పెట్టడం, టీవీ ఆపడం, ఎదురుగా కూర్చోవడం... వీటికి మాటలు కూడా అక్కర్లేదు.

ఇవాళ ఆదివారం. చాలాకాలంగా పలకరించని మనిషి ప్రతి ఒక్కరికీ ఒకరుంటారు. భర్త పోయాక ఊళ్లో ఒక్కతే ఉంటున్న పిన్నో, ఉద్యోగం మానేశాక ఫోన్లు చేయడం తగ్గించేసిన స్నేహితుడో, హాస్టల్లో చేరాక ముభావంగా మారిన మేనల్లుడో. ఓ ఫోన్ చేసి ‘ఎలా ఉన్నావ్?’ అని అడిగితే ‘బాగానే ఉన్నా’ అన్న జవాబే వస్తుంది. వెంటనే పెట్టేయకండి. ఒక్క క్షణం ఆగి ‘నిజం చెప్పు, ఎలా ఉన్నావ్?’ అని మళ్లీ అడగండి. ఆ తర్వాత మీరు చేయాల్సిందల్లా... వినడమే!